డాక్టరమ్మకో ఉత్తరం: రిపోర్టులో పెట్టిన చుక్కలు

ఈ నెల వానాకాలం దగ్గుల గురించి రాద్దామనుకున్నాను. ఈలోగా నరసన్నపేట వైపు నుంచి ఒక తండ్రి రాసిన ఉత్తరం వచ్చింది. చదివాక దగ్గులు పక్కన పెట్టేశాను. పసిబిడ్డల రక్తం గురించే ఇంకో మూడు ఉత్తరాలు ఉంటే వాటినీ దీనికే కలిపాను. ముప్పై ఏళ్లు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పిల్లల వార్డుల్లో తిరిగినదాన్ని. రక్తం గడ్డకట్టే టెస్టుతో నాకూ ఒక పాత బాకీ ఉంది, అదీ చెబుతాను.

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారాలు. నా భార్యకు ముప్పై వారాలకే నొప్పులొచ్చి బాబు పుట్టాడు. బరువు కిలో రెండొందలు. రెండో రోజు రక్తం గడ్డకట్టే టెస్టు చేశారు. పీటీ 15.8, కంట్రోల్ 12. ఏపీటీటీ 68, కంట్రోల్ 30. రెండింటి పక్కనా చుక్కలు పెట్టి ఉన్నాయి. ప్లేట్‌లెట్లు లక్షా పది వేలు. ప్లాస్మా ఎక్కించమని మా బావ గట్టిగా అడిగాడు. "బిడ్డకు ఎక్కడా రక్తం రావడం లేదు, ఇప్పుడు అక్కర్లేదు" అన్నారు డాక్టరు గారు. మూడో రోజు తలకు స్కాన్ తీస్తే ఎడమవైపు గ్రేడ్ 1 రక్తస్రావం అన్నారు. ఇప్పుడు బాబు ఇంటికొచ్చాడు. కిలో తొమ్మిదొందలున్నాడు, పాలు బాగానే తాగుతున్నాడు. కానీ ఇంట్లో గొడవ ఆగలేదు. రిపోర్టు ముందే చెప్పినా డాక్టరు పట్టించుకోలేదని మా బావ పోరు. ఆ రోజు ప్లాస్మా ఎక్కించి ఉంటే తలలో రక్తం వచ్చేది కాదా? నిజం చెప్పండి. – ఒక తండ్రి, నరసన్నపేట మండలం

జవాబు: నాయనా, నిజం చెప్పమన్నారు కాబట్టి ముందే చెప్పేస్తాను. ప్లాస్మా, అంటే రక్తంలో కణాలు తీసేశాక మిగిలే ద్రవం, ఎక్కించి ఉంటే ఆ రక్తస్రావం ఆగేదని చెప్పడానికి ఆధారమేమీ లేదు. మీ డాక్టరు గారు సరిగ్గానే చేశారు. ఎందుకంటున్నానో కాస్త ఓపిగ్గా వినండి. మీ బావగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. ఆయన్ను నేను తప్పుపట్టను. చుక్క కనబడితే ఎవరికైనా గుండె జారుతుంది.

పీటీ, ఏపీటీటీ అంటే రక్తం గడ్డకట్టడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూసే రెండు టెస్టులు. ఆ కంట్రోల్ అంకెలు, 12, 30, ఎవరివి? ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లవి. మెషీన్‌లో ఎవరి రక్తం పెట్టినా వాటితోనే పోల్చి చుక్క పెట్టేస్తుంది. అవతల ఉన్నది అరవై ఏళ్ల తాతయ్యో ముప్పై వారాల బిడ్డో దానికి తెలీదు. 1988లో కెనడాలో మౌరీన్ ఆండ్రూ అనే డాక్టరు, ఆవిడ బృందం, 30 నుంచి 36 వారాల మధ్య పుట్టి ఆరోగ్యంగా ఉన్న బిడ్డల రక్తం పరీక్షించి లెక్కలు కట్టారు. పుట్టిన మొదటి రోజు వాళ్ల పీటీ 10.6 నుంచి 16.2 సెకన్ల దాకా, ఏపీటీటీ 27.5 నుంచి 79.4 సెకన్ల దాకా ఉంది. మీ బాబువి 15.8, 68. మెషీను మారితే, అందులో పోసే రసాయనం మారితే అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి. అయినా ఆ చుక్కలు మీ బాబు వయసుకు పెట్టినవి కావని అర్థమైంది కదా.

అంకెలు ఎందుకు ఎక్కువగా ఉంటాయంటే, రక్తం గడ్డకట్టించే పదార్థాలను, అంటే ఫ్యాక్టర్లను, చాలావరకు కాలేయం తయారుచేస్తుంది. పసిబిడ్డ కాలేయం ఇంకా పని నేర్చుకుంటోంది. విటమిన్ కె తో తయారయ్యే ఫ్యాక్టర్లు పుట్టినప్పుడు పెద్దవాళ్లలో ఉన్నదాంట్లో సుమారు సగమే ఉంటాయి. చాలావాటికి పెద్దవాళ్ల స్థాయి రావడానికి ఆరు నెలలు పడుతుంది. ఇంతవరకు విని అందరూ కంగారు పడతారు. అసలు సంగతి ఆ తర్వాత ఉంది. రక్తం అతిగా గడ్డకట్టకుండా ఆపే పదార్థాలు కూడా, యాంటీథ్రాంబిన్, ప్రోటీన్ సి, ప్రోటీన్ ఎస్ లాంటివి, ఆ బిడ్డలో తక్కువే. ఆదాయం సగమే, ఖర్చూ సగమే. అలాంటి ఇల్లు అప్పుల్లో ఉందంటామా? పీటీ, ఏపీటీటీ ఆ ఇంటి ఆదాయం కాగితం ఒక్కటే చూసి దివాలా అని రాసేస్తాయి. పైగా ప్లేట్‌లెట్లను రక్తనాళం గోడకు అతికించే వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ పసిబిడ్డల్లో పెద్దవాళ్లకంటే ఎక్కువే ఉంటుంది. అది ఈ రెండు టెస్టుల్లోనూ కనబడదు. రక్తాన్ని మొత్తంగా, కణాలతో సహా పెట్టి గడ్డ ఎలా తయారవుతుందో గీత గీసి చూపించే మెషీన్లు పెద్ద ఆసుపత్రుల్లో ఉన్నాయి. పీటీ ఎక్కువ వచ్చిన బిడ్డ రక్తం కూడా వాటిలో చాలాసార్లు పెద్దవాళ్ల రక్తంలాగే, ఒక్కోసారి ఇంకా త్వరగా, గడ్డ కడుతుంది.

మీది వంశధార పక్క మండలం. వరదలప్పుడు గట్టుకు గండి పడటం చూసే ఉంటారు. ముందు ఇసుక బస్తాలు వేస్తారు, తర్వాత సందుల్లో మట్టి కూరి గట్టిపరుస్తారు. ఒంట్లో ఆ బస్తాలు ప్లేట్‌లెట్లు. సందులు మూసేది ఫైబ్రిన్ అనే దారాల వల. ల్యాబ్‌లో ఏం చేస్తారంటే, శాంపిల్‌ను గిర్రున తిప్పి కణాలన్నీ కిందికి దిగాక పైన తేరిన ప్లాస్మా తీసుకుంటారు. అందులో రసాయనం పోసి, దారాల వల పడటానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. అక్కడ బస్తాలు లేవు, గట్టు లేదు, ఏరు లేదు. గట్టు ఎక్కడ పలచబడిందో, ఎగువ నుంచి వరద ఎంత వస్తోందో ఆ గాజుగొట్టానికి ఎలా తెలుస్తుంది?

మీ బాబు తలలో పలచబడిన గట్టు జెర్మినల్ మ్యాట్రిక్స్ అనే చోట ఉంది. నెలలు నిండని బిడ్డ మెదడులో నీటి గదుల పక్కన సన్నటి రక్తనాళాలు గుత్తుగా ఉండే చోటు అది. నెలలు నిండేసరికి దాదాపు మాయమైపోతుంది. ముప్పై వారాలప్పుడు మాత్రం ఆ నాళాల గోడలు తడి కాగితంలా ఉంటాయి. బీపీ ఒక్కసారిగా పెరిగినా, పడిపోయినా, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఎగుడుదిగుడైనా చిట్లుతాయి. చిట్లడమంటూ జరిగితే ఎక్కువగా మొదటి మూడు రోజుల్లోనే. మీ బాబుకూ అంతే.

మరి ముందు జాగ్రత్తగా ప్లాస్మా ఇస్తే పోయేదేముంది అంటారా? ఆ పని చేసి చూశారు. ఉత్తర ఇంగ్లండులో 32 వారాల లోపు పుట్టిన 776 మంది బిడ్డలను మూడు గుంపులు చేసి, ఒక గుంపుకు పుట్టిన వెంటనే ప్లాస్మా ఎక్కించారు. టెస్టు చూసి ఎంచుకోలేదు, ఆ గుంపులో అందరికీ ఇచ్చారు. 1996లో ఫలితాలు వచ్చాయి. రెండేళ్ల వయసుకు చూస్తే చావుల్లో గానీ వైకల్యాల్లో గానీ ప్లాస్మా వల్ల లాభం కనబడలేదు. ప్లేట్‌లెట్ల కథ ఇంకా కళ్లు తెరిపించింది. బ్రిటన్, ఐర్లండ్, నెదర్లాండ్స్‌లో ప్లేట్‌లెట్లు బాగా తగ్గిన 660 మంది నెలలు నిండని బిడ్డలను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు యాభై వేల కంటే తగ్గితే ఎక్కించారు, రెండో గుంపుకు పాతిక వేల కంటే తగ్గేదాకా ఆగారు. 2019లో అచ్చయిన లెక్క ప్రకారం, త్వరపడి ఎక్కించిన గుంపులో 26 శాతం మందికి పెద్ద రక్తస్రావమో, మరణమో సంభవించింది. ఆగినవాళ్లలో అది 19 శాతం. మంచి చేస్తున్నామనుకుని ఇన్నాళ్లూ మేం చేసిన పని కొందరు బిడ్డలకు చెరుపు చేసిందని ఆ అంకెలు చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీ బాబు లక్షా పది వేలతో ఆ గొడవకు చాలా దూరంలో ఉన్నాడు.

ఇక నా బాకీ. ఇరవై ఏళ్ల కిందటి మాట. అప్పుడు నేను పనిచేస్తున్న ఆసుపత్రిలో కిలో నాలుగొందల ఆడపిల్ల. ఏపీటీటీ రిపోర్టులో "180 సెకన్లు దాటింది, గడ్డకట్టలేదు" అని రాసి ఉంది. నా కాళ్లు వణికాయి. పిల్లకు ఎక్కడా ఒక్క చుక్క రక్తం రావడం లేదు, చెప్పాలంటే హాయిగా నిద్రపోతోంది. అయినా వాళ్ల నాన్నను బ్లడ్ బ్యాంకుకు పరిగెత్తించాను. మంచుగడ్డలా ఉన్న ప్లాస్మా సంచీని తువ్వాల్లో చుట్టి, చొక్కా లోపల పెట్టుకుని, బస్సులో నిలబడి తెచ్చాడు. వచ్చేసరికి చొక్కా ముందుభాగమంతా తడిసి పొట్టకు అంటుకుపోయి ఉంది. చలికి పళ్లు టకటకలాడుతున్నాయి. గోరువెచ్చని నీళ్లలో కరిగించి, ఇరవై మిల్లీలీటర్లు ఎక్కించాం. తెల్లారేసరికి పిల్లకు ఆయాసం పెరిగింది, ఆక్సిజన్ రెట్టింపు చేయాల్సి వచ్చింది. పొద్దున డ్యూటీకి వచ్చిన పెద్ద సిస్టరు కేస్ షీటు తిరగేసి, "మేడమ్, ఈ శాంపిల్ బొడ్డు లైన్లోంచి లాగారు కదా, లైన్లో మనం హెపారిన్ పోస్తున్నాం కదా" అంది. లైన్ అంటే బొడ్డు రక్తనాళంలో పెట్టిన సన్న గొట్టం. హెపారిన్ అంటే రక్తం గడ్డకట్టకుండా ఆపే మందే. చేతి నరం నుంచి కొత్తగా తీసి పంపితే 51 వచ్చింది. ప్లాస్మా వల్లే తగ్గిందని నన్ను నేను సముదాయించుకోవచ్చు. కానీ ఆ 180 పిల్లది కాదు, మేం లైన్లో పోసిన మందుది. నాలుగు రోజులకు పిల్ల తేరుకుంది, నెల తర్వాత ఇంటికెళ్లింది. తడి చొక్కాతో నిలబడ్డ ఆ తండ్రికి మాత్రం నేను అసలు సంగతి ఆ రోజు చెప్పలేదు. చెప్పాల్సింది.

మరి ఏ బిడ్డకు రక్తస్రావం వస్తుందో ముందుగా తెలుసుకునే దారే లేదా అంటే, కొంత ఉంది. 2019లోనే నెదర్లాండ్స్ పరిశోధకులు ప్లేట్‌లెట్లు తగ్గిన నెలలు నిండని బిడ్డలకు ఒక లెక్క తయారుచేశారు. అందులో ఏమేం వేశారో చూడండి: ఎన్ని వారాలకు పుట్టాడు, పుట్టి ఎన్ని రోజులైంది, కడుపులో సరిగ్గా ఎదగలేదా, పేగులు దెబ్బతిన్నాయా, రక్తంలో ఇన్ఫెక్షన్ ఉందా, వెంటిలేటర్ మీద ఉన్నాడా, ప్లేట్‌లెట్లు ఎన్ని. పీటీ, ఏపీటీటీ అందులో లేవు. మీ డాక్టరు గారు మీ బాబు మంచం దగ్గర నిలబడి చూసింది కూడా ఇవే అయి ఉంటాయి. పైకి చూసేవాళ్లకు ఊరికే నిలబడ్డట్టు ఉంటుంది, అంతే.

పీటీ పరీక్షను 1935లో అమెరికాలో ఆర్మండ్ క్విక్ అనే డాక్టరు కనిపెట్టాడు. కామెర్లున్నవాళ్లు, హీమోఫీలియా అనే రక్తం ఆగని జబ్బు ఉన్నవాళ్లు ఆయన ముందున్న రోగులు. ఇక మీ రిపోర్టులో ఐఎన్‌ఆర్ కూడా ఉండే ఉంటుంది. అది రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్రలు మింగే గుండె జబ్బులవాళ్లకు డోసు సరిచూసుకోవడానికి పెట్టిన కొలత. రెండు రోజుల బిడ్డ వార్ఫరిన్ మింగడు కదా!

గ్రేడ్ 1 అంటే రక్తం ఆ గుత్తి దగ్గరే ఆగింది, నీటి గదుల్లోకి పోలేదు. ఎక్కువమంది బిడ్డల్లో అది కొన్ని వారాల్లో కరిగిపోతుంది. మాడు మీద నుంచి మళ్లీ ఒక స్కాన్ తీయించారా? తల చుట్టుకొలత ప్రతి నెలా కార్డు మీద రాయించండి. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది వేరే ఉంది: కళ్ల పరీక్ష మాట ఎక్కడా లేదు. కిలో రెండొందల బిడ్డకు పుట్టిన నెలలోపే కంటి వెనక రెటీనా చూడాలి. చేయించకపోతే ఇది చదివిన రోజే కదలండి. ప్లాస్మా గురించి మీ బావగారితో వాదించే ఓపిక ఉంటే అది దీనికి వాడండి.

మళ్లీ కాన్పు అనుకుంటే ఒక మాట. తలలో రక్తస్రావాన్ని నిజంగా తగ్గించేవి బిడ్డ పుట్టకముందే ఉన్నాయి. నెలలు నిండకుండా నొప్పులొస్తే తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేస్తారు. మన దేశంలో డెక్సామెథసోన్ ఆరు మిల్లీగ్రాములు, పన్నెండు గంటలకు ఒకటి చొప్పున నాలుగు. రెండోది, బిడ్డను బయటికొచ్చాక అంబులెన్సులో కుదుపుల మధ్య తీసుకెళ్లేకంటే, కడుపులో ఉండగానే తల్లిని పసిపిల్లల ఐసీయూ ఉన్నచోటికి చేర్చడం. ఇచ్ఛాపురం నుంచీ, సోంపేట నుంచీ "పుట్టాక చూద్దాంలే" అని ఆగి వచ్చినవాళ్లను ఎంతమందినో చూశాను.

ప్రశ్న: మేడమ్, నేను ఒక ఎస్ఎన్‌సీయూలో (జబ్బు చేసిన పసిబిడ్డల ప్రత్యేక వార్డులో) స్టాఫ్ నర్సును. ఇదివరకు చేరిన ప్రతి బిడ్డకూ కోయాగులేషన్ ప్రొఫైల్, అంటే రక్తం గడ్డకట్టే టెస్టులు, పంపేవాళ్లం. కొత్తగా వచ్చిన సార్ ఆపించేశారు. పంపినవాటిలో కూడా సగం "శాంపిల్ చాలదు", "గడ్డకట్టింది" అని ల్యాబ్ నుంచి తిరిగొస్తున్నాయి. సార్ చేసింది సరైనదేనా? శాంపిల్ ఎలా తీయాలి? – విజయనగరం జిల్లా

జవాబు: సిస్టరు గారూ, మీ సార్‌కు నా తరఫున నమస్కారం చెప్పండి. రక్తస్రావం లేని బిడ్డలందరికీ ఈ టెస్టు చేయాల్సిన పనిలేదని బ్రిటన్ రక్త వైద్య నిపుణుల మార్గదర్శకాలు 2016లోనే చెప్పాయి. పంపితే ఏదో ఒక చుక్క వస్తుంది, చుక్క వస్తే ఎవరో ఒకరు ప్లాస్మా రాస్తారు. నేను రాసినట్టే.

ముందు రక్తం లెక్క చూడండి. కిలో బిడ్డ ఒంట్లో మొత్తం రక్తం ఎనభై, తొంభై మిల్లీలీటర్లు. ఒక టీ గ్లాసు కంటే తక్కువ. నీలం మూత గొట్టానికి మీరు తీసే 1.8 మిల్లీలీటర్లు ఆ బిడ్డకు, మనకైతే ఒకే శాంపిల్లో వంద మిల్లీలీటర్లు లాగినట్టు. అది గడ్డకట్టిందని తిరిగొస్తే మళ్లీ ఇంకో వంద.

నీలం మూత గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా ఆపే సిట్రేట్ ద్రవం ముందే పోసి ఉంటుంది. ఒక వంతు దానికి తొమ్మిది వంతులు రక్తం, అదే దాని లెక్క. గీత దాకా నిండకపోతే సిట్రేట్ ఎక్కువై టైము అబద్ధంగా పెరుగుతుంది. పిల్లల చిన్న గొట్టాలు దొరుకుతాయి, ఇండెంట్ పెట్టించండి. సరిగ్గా గీత దాకా నింపినా ఇంకో చిక్కుంది. కొందరు పసిబిడ్డల రక్తం మరీ చిక్కగా ఉంటుంది. హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, 55 దాటితే అందులో ప్లాస్మా తక్కువ, దానితో సిట్రేట్ పాలు మళ్లీ ఎక్కువైపోతుంది. అలాంటి బిడ్డకు సిట్రేట్ తగ్గించిన గొట్టం ల్యాబ్‌నే అడిగి తీసుకోవాలి. మడమ గుచ్చి పిండిన రక్తం ఈ టెస్టుకు పనికిరాదు. పిండినప్పుడు కణజాలం రసం కలిసి గడ్డ మొదలైపోతుంది. మంచి నరం చూసి, రక్తం తనంతట తాను వచ్చేలా తీసి, గొట్టాన్ని మెల్లగా మూడు నాలుగుసార్లు తిరగేయండి. సీసా కుదిపినట్టు కుదపకండి. నాలుగు గంటల్లోపు పరీక్ష అయిపోవాలి. హెపారిన్ ఉన్న లైన్ జోలికి మాత్రం వెళ్లొద్దు. ఎందుకో పైన చదివారు.

మరి ఎప్పుడు పంపాలి? బిడ్డకు నిజంగా రక్తం వస్తుంటే. గుచ్చిన చోట కారడం ఆగకపోయినా, కడుపు గొట్టంలో ఎర్రగా వస్తున్నా, ఒంటి మీద కమిలిన మచ్చలు పెరుగుతున్నా. సెప్సిస్‌తో (రక్తంలో ఇన్ఫెక్షన్‌తో) గానీ పుట్టినప్పుడు ఊపిరాడక గానీ బాగా కుదేలైన బిడ్డలో, కాలేయం దెబ్బతిన్న బిడ్డలో, ఇంట్లో రక్తస్రావం జబ్బు ఉందని తెలిసినప్పుడు, ఆపరేషన్‌కు ముందు డాక్టరు అడిగినప్పుడు. అప్పుడు కూడా ఫైబ్రినోజెన్ (ఫైబ్రిన్ దారాలకు ముడిసరుకు), ప్లేట్‌లెట్లు కలిపి చూడాలి. ఒక అంకె కంటే, ఆరు గంటల తేడాలో రెండు అంకెలు ఎటు నడుస్తున్నాయో ఎక్కువ చెబుతాయి. ల్యాబ్ వాళ్లతో ఒకసారి టీ తాగుతూ మాట్లాడి, వారాల వారీ హద్దులు రిపోర్టు మీదే అచ్చు వేయించండి. పెద్దవాళ్ల హద్దులు కొట్టేయిస్తే సగం టెన్షన్ అక్కడే పోతుంది.

ప్రశ్న: అమ్మా, నాకు డెబ్బై రెండేళ్లు. మా మనవరాలికి ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే తొడకు సూది వేశారు. రెండో రోజు ఆ చంటిది పాలతో పాటు నల్లటి రక్తం కక్కింది. సూది వల్లే కదా? మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా? – చీపురుపల్లి

జవాబు: మీరు నాకంటే పెద్దవారు గనక అప్పా అని పిలుస్తాను. సూది వల్ల కాదు అప్పా, రక్తం రాకుండా వేసే సూదే అది. విటమిన్ కె, ఒక మిల్లీగ్రాము. కిలో లోపు బిడ్డలకు అందులో సగం. తల్లి నుంచి కడుపులోని బిడ్డకు ఈ విటమిన్ సరిగా దాటదు, తల్లిపాలలోనూ తక్కువే. సూది వేయకపోతే కొందరు బిడ్డలకు మొదటి వారంలోనో, రెండు వారాల నుంచి మూడు నెలల మధ్యలోనో ఉన్నట్టుండి తలలోనో కడుపులోనో రక్తస్రావం అవుతుంది. మీ కాలంలో సూది లేదు, ఆ బిడ్డలు ఉన్నారు. పురిటిలోనే పోయిన పిల్లలకు "గాలి సోకింది" అనేవారు గుర్తుందా, వాళ్లలో కొందరు వీళ్లే అయి ఉంటారు. కొవ్వు లేని మేత పెట్టిన కోడిపిల్లలకు రక్తం ఆగకపోవడం చూసి డెన్మార్క్‌లో హెన్రిక్ డామ్ అనే ఆయన ఈ విటమిన్‌ను పట్టుకున్నాడు. 1943 నోబెల్ బహుమతి దానికే వచ్చింది.

ఇక కక్కిన రక్తం. చాలాసార్లు అది బిడ్డదే కాదు. కాన్పులో మింగిన తల్లి రక్తమో, చనుమొన చిట్లితే పాలతో పాటు లోపలికి పోయినదో అయి ఉంటుంది. ఎవరిదో తేల్చడానికి మాకు ఒక చిన్న పరీక్ష ఉంది. ఇంకా ఎర్రదనం ఉన్న రక్తాన్ని కొంచెం నీళ్లలో కలిపి తేర్చి, ఆ గులాబీ రంగు నీళ్లలో సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలు వేస్తాం. తల్లి రక్తమైతే ఒకటి రెండు నిమిషాల్లో పసుపు, ఆపైన గోధుమ రంగుకు తిరిగిపోతుంది. బిడ్డదైతే గులాబీ రంగు అలాగే నిలబడుతుంది. వార్డు కిటికీ వెలుతురులో ఆ గొట్టం పైకెత్తి పట్టుకుని, పసుపు తిరుగుతుంటే వెనకాల నిలబడ్డ అమ్మమ్మలు ఊపిరి వదలడం ఎన్నిసార్లు విన్నానో. మీ ముని మనవరాలు హుషారుగా పాలు తాగుతూ, మళ్లీ కక్కకపోతే దిగులు పడకండి. మళ్లీ వస్తే మాత్రం ఆ గుడ్డ ఉతక్కుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ప్రశ్న: మేడమ్, నాది మేనరికం. మా మావయ్య కొడుకునే చేసుకున్నాను. మొదటి పాపకు ఆరో రోజు బొడ్డు నుంచి రక్తం కారింది, కట్టు కట్టినా ఆగి ఆగి వచ్చింది. టెస్టులన్నీ నార్మల్ అన్నారు. ఇరవయ్యో రోజు తలలో రక్తం వచ్చి పోయింది. ఇప్పుడు ఐదో నెల. టెస్టులు నార్మల్ అయితే ఎందుకు పోయింది? – పేరు వద్దు, రాజాం

జవాబు: తల్లీ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చూడకుండా జబ్బు పేరు ఖాయం చేయను, కానీ బొడ్డు దగ్గర కారడం, ఆ తర్వాత తలలో రావడం, టెస్టులు నార్మల్, మేనరికం, ఈ నాలుగూ కలిస్తే నాకు మొదట గుర్తొచ్చేది ఫ్యాక్టర్ 13 లోపం. పైన చెప్పిన ఫైబ్రిన్ దారాలను ఒకదానికొకటి కలిపి కుట్టేది ఈ ఫ్యాక్టరే. పీటీ, ఏపీటీటీ వల పడగానే గడియారం ఆపేస్తాయి. ఆ వల నిలుస్తుందా, గంటల్లో విడిపోతుందా అన్నది అవి చూడవు. అందుకే ప్లేట్‌లెట్లతో సహా అన్నీ నార్మల్ వస్తాయి.

నా చేతుల్లోకి అలాంటి బాబు ఒకడు వచ్చాడు. మేనమామను చేసుకున్న జంట. ఆరోగ్యంగా ఉన్న ఒకరి రక్తంతో, బాబు రక్తంతో పక్కపక్కన రెండు గడ్డలు కట్టించి, రెండింటినీ యూరియా ద్రావణంలో వేసి రాత్రంతా ఉంచారు. పొద్దున్నకు ఒక గొట్టంలో గడ్డ అలాగే ఉంది. బాబు గొట్టంలో ఏమీ లేదు, నీళ్లే. అన్ని టెస్టులూ నార్మలని నేను అప్పటికి మూడు రోజులు ధైర్యం చెబుతూ వచ్చాను. చుక్కలున్న పిల్లకు అక్కర్లేని ప్లాస్మా పోశాను, చుక్క లేని ఈ బాబుకే అది కావాల్సి వచ్చింది. ఈ ఫ్యాక్టర్ ఒంట్లో చాలా రోజులు నిలుస్తుంది గనక, నెలకొకసారి ప్లాస్మా గానీ, దాన్నుంచే తీసే క్రయోప్రెసిపిటేట్ గానీ ఎక్కించుకుంటూ పెరిగాడు. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు.

ఇదే జబ్బు అయితే, తల్లిదండ్రులిద్దరిలోనూ దాగి ఉండి, ప్రతి కాన్పులోనూ నలుగురిలో ఒకరికి వచ్చే అవకాశం ఉంటుంది. మగా ఆడా తేడా లేదు. పోయిన కాన్పులో మీరు చేసిన తప్పేమీ లేదు, బొడ్డు కట్టడంలో మంత్రసాని తప్పూ కాదు. ఈ నెలలోనే విశాఖపట్నంలో రక్త జబ్బుల డాక్టరును కలిసి, మీ ఇద్దరికీ ఫ్యాక్టర్ 13 పరీక్ష గురించి అడగండి. కాన్పు ఎక్కడో ముందే ఖాయం చేసుకోండి. బొడ్డు తాడు రక్తం నుంచే పరీక్షకు పంపమని, ఫలితం వచ్చేదాకా బిడ్డను పంపేయొద్దని కాన్పు డాక్టరుకు రాసి ఇవ్వండి. మొదటి పాప ఫైలు చూస్తే ఏడుపొస్తుందని ఎవరైనా అటక మీద పడేసి ఉంటే దింపించండి. ఆ నార్మల్ రిపోర్టులన్నీ, ఒక్క కాగితం పోకుండా, వెంట తీసుకెళ్లండి.